ఎండ కోసం వెళ్ళిన కెమెరాలు: మధ్యధరా తీరం నుంచి కాకతీయ గుళ్ళ దాకా

పాత ఛాయాచిత్రాన్ని చరిత్రకు ఆధారంగా తీసుకునేటప్పుడు విద్యార్థులు సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తారు. ఎవరు తీశారు? ఎప్పుడు తీశారు? ఈ రెండూ అవసరమే. అయితే చాలామంది వేయని మూడో ప్రశ్న ఒకటి ఉంది. ఆ మనిషి అక్కడికి ఎలా చేరాడు? ఏ నెలలో బయలుదేరాడు, ఏ దారిన వెళ్ళాడు, ఎంత సామాను మోయించాడు, ఎవరి డబ్బుతో వెళ్ళాడు? బొమ్మలో ఏముంటుందో, ఏముండదో చాలావరకు ఈ ఏర్పాట్లలోనే తేలిపోతుంది. శాసనాన్ని చదివేటప్పుడు దాన్ని వేయించినవాడి ప్రయోజనం ఏమిటని అడుగుతాం కదా. ఫోటోను చదివేటప్పుడు ప్రయాణాన్ని గురించి అడగాలి.

ఇందుకు ముందుగా గ్రీసు, ఇటలీ దేశాలకు వెళ్ళిన తొలి ఫోటోగ్రాఫర్లను చూద్దాం. ఆ తరువాత అదే ప్రశ్నతో నిజాం రాష్ట్రానికి వద్దాం. జనగామ, మహబూబాబాద్ రైలు మార్గం మీద ఉన్న ఊళ్ళు. భూపాలపల్లి వైపు రైలు పోలేదు. ఈ ఒక్క తేడా మన ఛాయాచిత్ర చరిత్రలో ఎంత దూరం పోయిందో మీరే గమనిస్తారు.

1839 ఆగస్టు 19న పారిస్‌లో దాగేర్ కనిపెట్టిన పద్ధతిని బహిరంగంగా వెల్లడించారు. వెండి పూత పూసిన రాగి రేకు మీద బొమ్మ పడే పద్ధతి అది. వార్త పొక్కిన కొద్ది వారాలకే కొందరు పెట్టెలు సర్దుకుని దక్షిణానికి బయలుదేరారు. ఎందుకు దక్షిణానికే? మొదటి కారణం వెలుతురు. ఆ రోజుల్లో మంచి ఎండలో కూడా రేకుకు చాలా నిమిషాలపాటు వెలుతురు తగలాలి. మబ్బు పట్టిన ఉత్తర ఐరోపాలో ఆ పని రోజుల తరబడి ఆగిపోయేది. మధ్యధరా సముద్ర తీరంలో వేసవి పొడుగునా ఆకాశం తేటగా ఉంటుంది. అక్కడ వానలు పడేది చలికాలంలో. ఏప్రిల్ వచ్చిందంటే ఎండకు తలుపులు వేసుకునే మనకు, ఎండ కోసం పడవెక్కి పోవడం వింతగానే ఉంటుంది. కానీ ఫోటోగ్రఫీ మొదటి ఇరవై ఏళ్ళ భౌగోళిక పటాన్ని గీసింది ఆ ఎండే.

రెండో కారణం కొనేవాళ్ళు. గ్రీకు, రోమన్ శిథిలాలను చదువుకున్నవారు ఐరోపాలో లెక్కకు మించి ఉన్నారు. వాళ్ళు అంతకుముందు చెక్కడపు బొమ్మల్లో చూసిన చోట్లనే ఇప్పుడు ఫోటోలో చూడాలనుకున్నారు. కాబట్టి ఫోటోగ్రాఫరు పోయే దారి అతనికంటే ముందే సిద్ధంగా ఉంది. రోము, నేపుల్స్, ఏథెన్స్. ఓడ ఆగే రేవులు, భాష తెలిసిన దుబాసీలు, దిగడానికి సత్రాలు ఉన్న చోట్లు. కొండల్లో ఉన్న పల్లె ఎంత అందమైనదైనా ఈ జాబితాలోకి రాలేదు.

1839 అక్టోబరులో జోలీ ద లోట్బినియేర్ అనే ఆయన ఏథెన్స్ చేరి ఆక్రోపొలిస్ గుట్ట మీద పార్థెనాన్‌ను రేకు మీదికి ఎక్కించాడు. ఆ రేకులు ఇప్పుడు లేవు. పారిస్ ప్రచురణకర్త లెరెబూర్ 1840 నుంచి వెలువరించిన సంపుటాల్లో వాటి ఆధారంగా చెక్కిన బొమ్మలు మిగిలాయి. పార్థెనాన్ బొమ్మను జాగ్రత్తగా చూస్తే స్తంభాల నడుమ ఒక చిన్న కట్టడం కనిపిస్తుంది. అది మసీదు. తురుష్కుల పాలనా కాలంలో ఆ శిథిలం లోపల కట్టినది. గ్రీసు స్వతంత్ర రాజ్యమయ్యాక, 1840ల తొలి ఏళ్ళలో, దాన్ని తొలగించారు. గుట్ట ప్రవేశద్వారం దగ్గర మధ్యయుగాల నాటి ఎత్తయిన బురుజు ఒకటి ఉండేది. దాన్ని 1875 ప్రాంతంలో పడగొట్టారు. ప్రాచీన గ్రీసు మాత్రమే మిగలాలన్నది కొత్త రాజ్యం కోరిక. జోలీ కూడా ప్రాచీన గ్రీసు కోసమే వెళ్ళాడు. మసీదు అతని ప్రణాళికలో లేదు. కానీ కెమెరాకు ఎదురుగా ఉంది కాబట్టి పడింది. చిత్రకారుడైతే దాన్ని వదిలేసి గీయగలిగేవాడు. ఫోటో ఆధారంగా ఎందుకు విలువైనదో చెప్పడానికి నేను తరగతిలో ఎక్కువసార్లు వాడిన ఉదాహరణ ఇది. తీసినవాడు చూపదలచుకోనిది కూడా అందులో ఉంటుంది.

దీనికి వ్యతిరేకమైన సంగతీ ఉంది. ఉన్నది కూడా కొన్నిసార్లు పడదు. రేకుకు పది పదిహేను నిమిషాలు వెలుతురు తగలాలంటే, ఆ సమయంలో నడిచిపోయే మనుషులు, బండ్లు, మేకల మందలు ఏవీ బొమ్మలో నిలవవు. అందుకే తొలి చిత్రాల్లో ఏథెన్స్, రోము వీధులు నిర్మానుష్యంగా ఉంటాయి. వాటిని చూసి ఆ పట్టణాలు పాడుబడి ఉన్నాయని రాసినవారు ఉన్నారు. పాడుబడలేదు, మనుషులు కదిలారు, అంతే.

జిరో ద ప్రాంజే అనే ఫ్రెంచి కళాచరిత్రకారుడు 1842 నుంచి 1844 దాకా ఇటలీ, గ్రీసు, ఈజిప్టు, సిరియా తిరిగి ఎనిమిది వందలకు పైగా రేకులతో ఇంటికి వచ్చాడు. తన పెట్టెల్లో వాటిని వరుసగా సర్దిపెట్టాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఆయన ఇంటి సామాన్ల గదిలో బయటపడేదాకా వాటి గురించి దాదాపు ఎవరికీ తెలియదు. వేల్సుకు చెందిన కాల్వర్ట్ జోన్స్ 1845లో మాల్టా, ఇటలీలకు వెళ్ళినప్పుడు రేకులు కాక టాల్బట్ కనిపెట్టిన కాగితపు నెగెటివ్‌లు తీసుకెళ్ళాడు. కాగితం తేలిక, పగలదు, ఒకే నెగెటివ్ నుంచి ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. ప్రయాణంలో బరువు అన్నది సాంకేతిక చరిత్రను కూడా నడిపిస్తుంది.

1851లో ఆర్చర్ కనిపెట్టిన తడి గాజుపలక పద్ధతితో బొమ్మల స్పష్టత పెరిగింది, ప్రయాణికుడి కష్టమూ పెరిగింది. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రావణం పోసి, అది ఆరేలోగా బొమ్మ తీసి, ఆరేలోగానే కడగాలి. మొత్తం వ్యవధి పది నిమిషాల పైచిలుకు. వేడి ప్రదేశాల్లో ఇంకా తక్కువ. అంటే చీకటి గుడారం, రసాయనాల సీసాలు, కడగడానికి శుభ్రమైన నీళ్ళు ఫోటోగ్రాఫరు వెంటే ఉండాలి. నీళ్ళు దొరకని చోట ఫోటో లేదు. ఎండ కోసం వెళ్ళినవాళ్ళకు ఇప్పుడు ఎండే శత్రువైంది. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫోటోగ్రాఫరుగా 1857-58లో తంజావూరు, మధుర గుళ్ళను చిత్రించిన లిన్నేయస్ ట్రైప్ మన ఉష్ణోగ్రతలు తెలిసినవాడు కనుక మైనం పట్టించిన కాగితపు నెగెటివ్‌లను కూడా వాడాడు. ఆయన పని బాగానే ఉంది. కానీ గవర్నరు ట్రెవెల్యాన్ ఖర్చు ఎక్కువని ఆ శాఖను మూయించాడు. మనకు గోదావరి, కృష్ణా జిల్లాల ఆలయాల మీద ట్రైప్ తరహా సంపుటం లేకపోవడానికి ఇలాంటి బడ్జెట్ నిర్ణయాలూ కారణమేనని నా అభిప్రాయం.

ఇక నిజాం రాష్ట్రానికి వద్దాం. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక హైదరాబాదు నుంచి ఇటలీ దగ్గరైంది. ప్రధానమంత్రి మొదటి సాలార్‌జంగ్ 1876లో ఐరోపా యాత్ర చేసి, రోములో శిల్పి బెంజోని చెక్కిన ముసుగు రెబెకా పాలరాతి విగ్రహాన్ని కొన్నాడు. సాలార్‌జంగ్ మ్యూజియంలో దాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. మన వైపు నుంచి మధ్యధరా తీరానికి పోయినవాళ్ళు అప్పట్లో అంతటి స్థోమత గలవాళ్ళే. వాళ్ళు తెచ్చుకున్నది కళాఖండాలు. మన ప్రాంతాన్ని చిత్రించవలసిన కెమెరా వేరే దారిలో వచ్చింది.

ఆ దారి రైలు పట్టాలు. వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. సికింద్రాబాదు నుంచి వరంగల్లుకు 1886లో వచ్చింది. డోర్నకల్లు మీదుగా బెజవాడ చేరింది 1889లో. సింగరేణి బొగ్గు ఈ విస్తరణకు పెద్ద ప్రేరణ. ఈ మార్గంలోనే జనగామ ఉంది, మానుకోట అని మనం పిలుచుకునే మహబూబాబాద్ ఉంది.

సరిగ్గా ఆ ఏళ్ళలోనే లాలా దీన్‌దయాళ్ హైదరాబాదు చేరాడు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేస్తూ ఫోటోగ్రఫీ నేర్చుకున్న మనిషి. ఇంజనీరు కావడం వల్ల కట్టడాన్ని ఎక్కడి నుంచి చూడాలో ఆయనకు తెలుసు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆదరణతో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. రాజా ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు పొందాడు. అప్పటికి పొడి గాజుపలకలు మార్కెట్లోకి వచ్చాయి. తీసినచోటే కడగవలసిన అవసరం పోయింది. పలకలు పెట్టెలో సర్దుకుని, రైలెక్కి, పని చేసుకుని, స్టూడియోకు తిరిగి వచ్చి కడగవచ్చు. నిజాం రాజ్య దృశ్యాల పేరుతో 1892 నాటి ఆయన ఆల్బంలో హనుమకొండ వేయిస్తంభాల గుడి, వరంగల్లు కోట ఉన్నాయి. వరంగల్లుకు రైలు వచ్చి అప్పటికి ఆరేళ్ళు.

ఇప్పుడు పటం తీసి చూడండి. హనుమకొండకు ఈశాన్యంగా ఒక రోజు బండి ప్రయాణానికి మించిన దూరంలో పాలంపేట ఉంది. అక్కడ 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి. వేయిస్తంభాల గుడి కంటే ఏ విధంగానూ తక్కువ కాదు. చాలామంది ఎక్కువే అంటారు. అయినా పాలంపేట గుళ్ళ మీద విడిగా ఒక సచిత్ర గ్రంథం 1922లో గాని రాలేదు. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ నెలకొల్పి గులాం యజ్దానీని డైరెక్టరుగా నియమించాక, భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ప్రచురణల్లో ఆరో సంపుటంగా ఆయన దాన్ని రాశాడు. అదే కాకతీయ శిల్పం, అదే రాజవంశం. మధ్యలో ఉన్నది అడవి, వాగులు, రోడ్డు లేకపోవడం. రామప్ప 2016 నుంచి 2019 దాకా జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉండి, ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. 2021లో యునెస్కో జాబితాలో చేరింది. అక్కడికి దగ్గరలోనే, భూపాలపల్లి జిల్లా గణపురంలో, రాతి ప్రాకారం లోపల చిన్న గుళ్ళు చుట్టూ చేరిన కోటగుళ్ళ సముదాయం ఉంది. దాని చూరు కింది మదనికలు, సింహ ముఖాల బొమ్మలు రామప్ప శిల్పాలకు తోబుట్టువులు. వాటిని రామప్పతో సమానంగా తెలిసినవారు మన రాష్ట్రంలోనే తక్కువ. ఇందులో శిల్పి లోపం ఏమీ లేదు. దారి లోపమే.

ప్రణాళిక ఎంత బాగా వేసుకున్నా చరిత్ర దాన్ని తిరగరాయవచ్చు. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1939లో మళ్ళీ నాగా కొండలకు పోవాలనే వచ్చాడు. రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ను హైదరాబాదు రాష్ట్రం దాటి పోకుండా కట్టడి చేసింది. ఆ నిర్బంధంలోనే చెంచులు, కొండరెడ్లు, రాజ్‌గోండులను నెలల తరబడి చూసి, ఫోటోలు తీసి, 1943, 1945, 1948లలో మూడు గ్రంథాలు వెలువరించాడు. దీన్‌దయాళ్ చిత్రాలతో వీటిని పోల్చండి. హైమెండార్ఫ్ చిత్రాల్లో మనుషులు పనిలో ఉంటారు. వచ్చి వెళ్ళిపోయే కెమెరాకు, కూర్చుండిపోయిన కెమెరాకు అంత తేడా.

రైలు ఉంటే చాలు, కెమెరా దానంతట అదే వస్తుందని మాత్రం అనుకోవద్దు. జనగామ స్టేషను 1880ల నుంచి ఉంది. ఆ తాలూకా కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో మరణించాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది. ఈ ఘటనలను మనం ముఖ్యంగా జ్ఞాపకాల నుంచి, పార్టీ పత్రాల నుంచి, ప్రభుత్వ రికార్డుల నుంచి తెలుసుకుంటున్నాం. కెమెరా ఉన్న ఇంట్లో గడీ బొమ్మ పడుతుంది, గుడిసె బొమ్మ పడదు. కమ్యూనిస్టు పార్టీ ఫోటోగ్రాఫరు సునీల్ జానా తెలంగాణ పోరాటాన్ని చిత్రించడం ఈ లోటును కొంత పూడ్చింది. ఆయన్ను రప్పించింది దర్బారు కొలువు కాదు, రాజకీయం.

మహబూబాబాద్ జిల్లాలో మరో రకమైన పాఠం ఉంది. బయ్యారం చెరువు శాసనం గణపతిదేవుని సోదరి మైలాంబ చెరువు తవ్వించినప్పటిది. కాకతీయుల వంశక్రమం తెలుసుకోవడానికి అది కీలకం. శాసనాన్ని మిట్టమధ్యాహ్నం ఎదురుగా నిలబడి ఫోటో తీస్తే బండ నున్నగా కనిపిస్తుంది, అక్షరం చదవలేం. ఎండ పక్కనుంచి, ఏటవాలుగా పడే వేళ తీస్తే అక్షరపు గాడిలో నీడ నిలిచి ప్రతి గీతా లేస్తుంది. అదే రాయి, అదే కెమెరా. మారింది గడియారం.

అందుకే ఎండ వేరు, వెలుతురు వేరు. ఏథెన్స్ ఉత్తర అక్షాంశం 38 డిగ్రీలు. భూపాలపల్లి పద్దెనిమిదిన్నరకు కాస్త తక్కువ. డిసెంబరు చివర మధ్యాహ్నం ఏథెన్స్‌లో సూర్యుడు దిక్చక్రం నుంచి 29 డిగ్రీల ఎత్తు కూడా లేవడు. అక్కడ చలికాలంలో రోజంతా పొడుగు నీడలే. మనకు అదే రోజు 48 డిగ్రీలు. మే నెల రెండో వారంలో, మళ్ళీ జూలై చివర, మన నడినెత్తికి వస్తాడు. ఆ వేళ చూరు నీడ తిన్నగా కిందికి దిగి, కింద ఉన్న నల్లరాతి మదనికను పూర్తిగా మింగేస్తుంది.

మీలో ఎవరైనా గ్రీసుకు ఫోటోల కోసం వెళ్ళాలనుకుంటే, 1839 నాటి ప్రశ్నలే మారు వేషంలో ఎదురవుతాయి. ఓడ స్థానంలో షెంగెన్ వీసా వచ్చింది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా చేయాలి. పురావస్తు స్థలాల్లో స్టాండు పెట్టి తీయాలంటే అక్కడి సాంస్కృతిక శాఖ అనుమతి కావాలి. వేసవి ఎండ కోసం జూలైలో పోదామనుకుంటే, వడగాల్పుల రోజుల్లో ఆక్రోపొలిస్‌ను మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేస్తున్నారు. 2023 జూలైలోనూ, 2024 జూన్‌లోనూ అలా జరిగింది. ఏ ఎండ కోసం తొలి ఫోటోగ్రాఫర్లు పడవెక్కారో అదే ఎండ ఇప్పుడు గేటు వేయిస్తోంది.

అంత దూరం పోలేనివారికి గణపురం ఉంది. జనగామ, మహబూబాబాద్ విద్యార్థులు రైల్లో వరంగల్లు చేరి, అక్కడినుంచి బస్సు పట్టుకోవాలి. వానాకాలం వద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం తేటగా ఉంటుందని అందరూ ఆ నెలల్లోనే పోతారు. అక్కడే ఒక చిక్కుంది, దీన్ని గుడి చుట్టూ తిరిగి మీరే పరీక్షించుకోండి. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయంలో ఉదయించి దక్షిణంగానే నడిచి నైరుతిలో అస్తమిస్తాడు. తూర్పు ముఖంగా ఉన్న గుడి దక్షిణపు గోడకు రోజంతా ఎండ, ఉత్తరపు గోడకు రోజంతా నీడ. కాబట్టి చలికాలపు యాత్రలతో తయారైన ఫోటోల సంగ్రహంలో ఉత్తరపు గోడ శిల్పాలు మసకగా ఉంటాయి, లేదా ఉండనే ఉండవు. ముద్రిత పుస్తకాల్లో మీకు నచ్చిన గుడి బొమ్మలను దిక్కుల వారీగా లెక్కపెట్టి చూడండి.

ఉత్తరపు గోడ కోసం విడిగా ఇంకో ప్రయాణం పెట్టుకోవాలి. ఏప్రిల్ మూడో వారంలో సూర్యుడు తూర్పుకు కొంచెం ఉత్తరంగా ఉదయిస్తాడు. తెల్లవారిన దగ్గరనుంచి ఎనిమిదిన్నర దాకా ఆ గోడ మీద ఏటవాలు ఎండ పడుతుంది. ముందురోజు రాత్రే ఆ దగ్గర్లో దిగి ఉండాలి, నీళ్ళు వెంట ఉండాలి. తీసిన ప్రతి ఫోటోకూ తేదీ, వేళ, గోడ ఏ దిక్కుదో, మీరు ఏ దారిన వచ్చారో రాసి ఉంచండి. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి, తిరిగి నిలబెట్టి, 2024లో తెరిచారు. 1892 ఆల్బంలోని హనుమకొండ చిత్రాన్ని ఇవాళ్టి చిత్రం పక్కన పెట్టి చూడాలనుకున్నవాడికి ముందుగా కావలసింది దీన్‌దయాళ్ స్టాండు ఎక్కడ నిలబెట్టాడో, అప్పుడు నీడ ఎటు పడిందో అన్న సంగతి. ఆ సంగతి బొమ్మలోని నీడలను కొలిచి రాబట్టవలసి వస్తోంది. గణపురం ఉత్తరపు గోడకు ఆ అవస్థ రాకుండా మీ నోటుపుస్తకంలో ఒక వరుస చాలు.